కొలత తెలియని పువ్వు

కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రం (సీఎన్‌సీ) మీద నకలు తీయాలనుకున్న చెక్క పువ్వు ఆకారం తెర మీద పూర్తిగా నిలబడగానే నేను దాని వెడల్పు చూశాను. అక్కడ 3.7 అని ఉంది, కానీ అది మిల్లీమీటర్లూ కాదు, అంగుళాలూ కాదు.

ఫోన్‌తో చుట్టూ తిరిగి తీసిన 64 ఫొటోల నుంచి మెష్‌రూమ్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఆకారాన్ని చక్కగా రాబట్టింది గానీ, తెలిసిన కొలత ఏదీ ఆ ఫొటోల్లో లేనప్పుడు అసలు పరిమాణం దానికి తెలిసే వీలే లేదు. కాలిపర్‌తో ఎదురెదురు రేకుల కొసల మధ్య కొలిస్తే 86.4 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ ఒక్క అంకెతోనే మోడల్ మొత్తం సరైన కొలతకు వచ్చింది.

నిన్న తీసిన ఫొటోల్లో వార్నిష్ మెరుపు వల్ల మోడల్‌లో రేకుల మీద లేని గుంతలు పడ్డాయి. ఈ రోజు పలుచగా టాల్కం పౌడర్ అద్ది, నేరుగా ఎండ పడని చోట పెట్టి తీస్తే, రేకు అంచున ఉలి జారిన సన్నని గీత కూడా స్పష్టంగా కనిపించింది. ఆ గీతను చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఫొటోలు కాకుండా, చెక్కే యంత్రానికే ప్రోబ్ (తాకి ఎత్తు కొలిచే మొన) తగిలించి, మిల్లీమీటరుకొక బిందువు చొప్పున తాకించే మార్గమూ ఉంది. అయితే ఈ పువ్వుకు 7,000కు పైగా బిందువులు కావాలి. ఒక్కోదానికి 3 సెకన్లు వేసుకున్నా 6 గంటలు పడుతుంది.

కొస గుండ్రంగా ఉండే 3 మిల్లీమీటర్ల బాల్ నోస్ కట్టర్ రేకు అంచున ఉన్న ఆ గీతలోకి దిగదు కాబట్టి, చివరి చెక్కుడుకు 1 మిల్లీమీటరు కట్టర్ బిగించి ఉంచాను.