ఇద్దరు మిత్రుల మధ్య కూర్చున్నాను: నా అనుభవం

కలిసి ప్రింటింగ్ ప్రెస్ నడిపిన నా మిత్రులిద్దరూ విడిపోతూ నిన్న ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మధ్యవర్తిని నేనే. తల ఇంకా దిమ్మెక్కే ఉంది. అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఇంకొన్నాళ్ళు పోతే అంతా సాఫీగానే జరిగిందని నాకే అనిపించవచ్చు.

పైకి తగవు చిన్నదే. లెక్కలు చూసుకునేవాడు తప్పుకుంటూ ఆస్తి విలువలో సగం ఇమ్మన్నాడు. మెషిన్ల దగ్గర ఉండేవాడు పావు వంతుకు మించి ఇవ్వనన్నాడు. తెలిసినవాళ్ళంతా "మధ్యలో ఒక అంకె చూసి తెగ్గొట్టెయ్" అని సలహా ఇచ్చారు. అలా చెప్పినవాళ్ళలో ఒక్కరూ వచ్చి పక్కన కూర్చోలేదు.

1925లో మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ రచయిత్రి ఒక ప్రసంగంలో తన అనుభవం చెప్పింది. లైబ్రరీలోని చిన్న గదిలో ఒకాయన కిటికీ తెరవాలన్నాడు, ఆమె మూసి ఉంచాలంది. చివరికి ఎవరూ లేని పక్కగది కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గాలి. ఆమెకు ఉత్తరపు గాలి నేరుగా మీదికి కొట్టకూడదు, అంతే. ఆ కిటికీని సగం తెరిచి ఉంటే ఇద్దరికీ ఇబ్బందే మిగిలేది. అందుకే నేను అంకె జోలికి పోకుండా, ఎందుకు కావాలో అడుగుదామనుకున్నాను.

ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. "నువ్వు చెప్పింది నువ్వు ఒప్పుకుంటే తప్ప వాడికి చేరదు" అని ఇద్దరికీ ముందే మాటిచ్చాను. మధ్యవర్తిత్వం వృత్తిగా చేసేవాళ్ళు కూడా ఈ నియమం పాటిస్తారు. అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

తప్పుకునేవాడు నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకోచోట ఉద్యోగం ఖాయమైందని చెప్పాడు. నెలాఖరుకల్లా బయటపడాలట. "వాడికి చెప్పకురా, తెలిస్తే నన్ను పూర్తిగా నొక్కేస్తాడు" అన్నాడు. డబ్బుకన్నా వాడి భయం ప్రెస్ అప్పుకు హామీగా పెట్టిన సంతకం గురించి. ఆ భయంలో నిజముంది. భాగస్వామ్యం నుంచి తప్పుకున్నంత మాత్రాన పాత అప్పు బాధ్యత దానంతటదే తొలగిపోదు, అప్పిచ్చినవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. రేపు ప్రెస్ మూతపడితే తన జీతం మీద పడతారని, అందుకే చేతిలో సగం డబ్బు ఉండాలని వాడి లెక్క.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండోవాడికి చెబితే ఒక్క పూటలో తేలిపోతుంది, కానీ ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఒకడికి తెలిసింది ఇంకొకడికి తెలియకుండానే బేరం సాగుతుంది. చివరికి తప్పుకునేవాడితో ఇలా అన్నాను: "నేను చెప్పను. కానీ వాడు అడిగితే అబద్ధమూ ఆడను, నిన్నే అడగమంటాను. ఇది దాచిపెట్టి రాసే కాగితం దగ్గర మాత్రం నేను కూర్చోను." వాడు బాగా గింజుకున్నాడు. తర్వాత తనే చెబుతానన్నాడు.

చెప్పాడు, ముగ్గురం ఉండగా, మెషిన్ల పక్కనే. ఆపరేటర్లు కూడా అక్కడే ఉన్నారు. మెషిన్లవాడు వాణ్ణి ఏమీ అనలేదు. సిరా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నావైపు తిరిగి, "నీకు ముందే తెలుసు కదరా?" అన్నాడు. తెలుసన్నాను. "అయితే నువ్వు వాడి మనిషివి. న్యాయం చెబుతావని పిలిస్తే గూఢచారివై కూర్చున్నావు" అని గట్టిగా అరిచాడు. ఆపరేటర్ మెషిన్ ఆపేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళిపోదామనిపించింది. అంతకన్నా గట్టిగా, వాడు నాకు విడిగా చెప్పిన మాటలన్నీ అక్కడే బయటపెట్టి నోరు మూయిద్దామనిపించింది. ఒక్కడే ప్రెస్ నడపలేనేమోనని వాడు నా ముందు కంటతడి పెట్టాడు మరి.

రెండూ చేయలేదు. కాసేపాగి ఒక్కటే అడిగాను: "నువ్వు నాకు విడిగా చెప్పినవి వీడికి ఏమైనా తెలుసేమో అడుగు." వాడు అడగలేదు. గుడ్డ పక్కన పడేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పూట నోరు అదుపులో పెట్టుకున్నందుకు నన్ను నేను మెచ్చుకుంటాను. తటస్థంగా ఉండటమంటే మెత్తగా ఉండటం అనుకునేవాళ్ళు ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని చూడాలి.

ఆ తర్వాత పెద్దగా చిక్కేమీ రాలేదు. సగం ఇవ్వాలన్న మాట పోయింది. హామీ మార్పించే బాధ్యత మెషిన్లవాడు తీసుకున్నాడు. తప్పుకునేవాడు మూడో వంతుకు, అదీ వాయిదాల్లో తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. కొత్త ఉద్యోగంలో చేరినా కొన్నాళ్ళు సాయంత్రాలు వచ్చి లెక్కలు అప్పగిస్తానన్నాడు. ఒంటరినైపోతానన్న రెండోవాడి భయానికి ఇదే మందు. ఎవరు, ఏ తేదీలోగా, ఏం చేయాలి, చేయకపోతే ఏమిటి అన్నది వాక్యం వాక్యంగా రాయించాను. "పరస్పర అవగాహనతో" లాంటి మాటలు కనిపించిన చోటల్లా కొట్టేయించాను. మీరూ కొట్టేయించండి, తర్వాతి గొడవలు వాటిలోంచే పుడతాయి.

"మళ్ళీ కలిసిపోయారా?" అని అందరూ అడుగుతున్నారు. లేదు. పని విషయం తప్ప మాట్లాడుకోవడం లేదు. వాళ్ళను కలపడానికి నేను కూర్చోలేదు. హామీ కాగితం ఇంకా అప్పిచ్చినవాళ్ళ దగ్గరే నానుతోంది. కౌంటర్ దగ్గరాయన ప్రతిసారీ ఒక కొత్త ఫారం చేతిలో పెడుతున్నాడు. వచ్చే వారం ముగ్గురం కలిసే వెళ్తున్నాం.