తృప్తికి లెక్కుంది

బరంపురం దాటి పురుషోత్తంపూర్ వైపు వెళితే, ఋషికుల్య ఒడ్డున జౌగడ కొండరాయి. అక్కడున్న అశోకుడి మూడో శాసనంలో తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల్ని చంపకపోవడంతో పాటు ఇంకోటి ఉంది: తక్కువ ఖర్చు, తక్కువ పోగేసుకోవడం మంచివని. ఐదేళ్లకోసారి ఊళ్లు తిరిగే అధికారులు జనానికి చెప్పాల్సిన సంగతుల్లో ఇదొకటి.

మనం దాన్ని 'ఉన్నదాంతో సర్దుకో' అనే వరకే తెచ్చుకున్నాం. బౌద్ధులు అంతకంటే గట్టిగా లెక్క కట్టారు. వినయ నియమాల (భిక్షువుల నడవడి నియమాల) ప్రకారం భిక్షువు అదనపు చీవరాన్ని (కట్టుకునే బట్టని) పది రోజులకు మించి ఉంచుకోకూడదు. భిక్షాపాత్రకు ఐదు అతుకులు పడకముందే కొత్తది అడిగి తెచ్చుకుంటే దోషం. మందుగా తీసుకున్న నెయ్యి, నూనె, తేనె లాంటివైతే ఏడు రోజులు, అంతే.

ఉదయన రాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 చీవరాలిచ్చారు. ఇన్నెందుకు, బట్టల కొట్టు పెడతారా అని రాజుకు అనుమానం. చిరిగిన బట్టల్లో ఉన్న భిక్షువులకు పంచుతాం అన్నాడు ఆనందుడు. మరి వాళ్ల పాతవి? దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలీబులు, అవి పాతబడితే నేలమీద పరుచుకోడానికి, తర్వాత కాళ్లు తుడుచుకోడానికి, ఆపైన దుమ్ము దులపడానికి. చివరికి ఆ పీలికల్ని దంచి, మట్టిలో కలిపి నేల అలుకుతారు. పాత చీరల్తో బొంతలు కుట్టే మన ముసలమ్మలు విని ఉంటే, ఈయన మనవాడే అనుకునేవారు.

సంసారులకు కొలత వేరు. బుద్ధుడి ఉపదేశాల్లో ఒకటైన సిగాలోవాద సుత్తం సంపాదన నాలుగు వాటాలు చేయమంటుంది: ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, ఒకటి ఆపదకు. బరంపురంలో అప్పడాలు చేసి అమ్మే ఇంటికి 24,000 చేతికొస్తే 6,000 ఇంటికి, 12,000 మినప్పిండికీ కూలీలకూ, 6,000 పక్కకు. నెలజీతం వాళ్లకు ఇది అచ్చంగా కుదరదు, ఇది వ్యాపారపు లెక్క. వాళ్లు ఆపద వాటా ముందు తీసి, మిగిలిందాంట్లో ఇల్లు నడపడం మేలు. దెబ్బ తినేది ఎక్కువగా ఆ నాలుగో వాటాయే: పెళ్లి సారెకో పండక్కో అందులో చెయ్యి పెడతారు, జ్వరమొచ్చినప్పుడు వడ్డీకి తెస్తారు.

అలాగని కడుపు మాడ్చుకోమని కాదు. బాగా సంపాదించి దరిద్రుడిలా బతికేవాణ్నీ దీఘజాణు సుత్తం తప్పు పడుతుంది. తాగుడు, జూదం, వ్యభిచారం, చెడు సావాసం సంపద అనే చెరువు ఖాళీ అయ్యే నాలుగు తూములని చెప్పేది కూడా అదే సుత్తం. ఈ రోజుల్లో కంతుల మీద కొనే ఫోన్లు ఐదో తూము.

తృప్తి వస్తువుల వరకే. మంచి గుణాల విషయంలో తృప్తి పడకపోవడం విలువ తనకు తెలుసని బుద్ధుడే అన్నాడు.