కంకిపాడు నుంచి సాగర్ దాకా

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి నిండు కృష్ణను చూసినప్పుడల్లా గుర్తొచ్చే మనిషి డాక్టర్ కె.ఎల్.రావు గారు. 1902లో మన పక్కనే కంకిపాడులో పుట్టారు. విజయవాడ ఎంపీగా గెలిచి, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసి, 1986లో కన్నుమూశారు. పదవులకంటే ముందు ఆయన ఇంజనీరు.

ఆయన డిజైన్ చేసిన నాగార్జునసాగర్ డ్యాంని రాతితో కట్టడం వెనక లెక్క గట్టిది. అప్పట్లో సిమెంటు కరువు, యంత్రాలు కొనాలంటే విదేశీ మారకం కావాలి. రాయీ, పనిచేసే చేతులూ మాత్రం ఇక్కడే ఉన్నాయి. రాతికట్టులో ఎక్కువ భాగం రాయే కాబట్టి కాంక్రీటుకంటే సిమెంటు తక్కువ పడుతుంది. కానీ పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలి: రాయిని కడిగి, తడిపి, మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పరిచి కూర్చోబెట్టాలి, నిలువు సందుల్లో మాలు కూరి కమ్మీతో దట్టించాలి. ఎక్కడ బోలు మిగిలినా నీరు అక్కడే దారి చేసుకుని, మాలులోని సున్నాన్ని కరిగిస్తుంది. అందుకే డ్యాం లోపల ఊట నీరు బయటికి పోవడానికి గ్యాలరీలు, అంటే సొరంగాల్లాంటి దారులు, పెడతారు. గుంటూరు జిల్లా మెట్టపొలాలకు సాగర్ కుడికాలువ నీరు ఎక్కిందంటే ఆ కష్టమే.

పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టడం ఎంతో సబబు. బ్యారేజీలో నిలిచేది సుమారు 3 టీఎంసీలే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). సాగర్ దిగువన కృష్ణలో కలిసే మూసీ నది పొంగినా ఆ నీరు ఆపేచోటు లేక సముద్రం పాలయ్యేది. ఇప్పుడు సాగర్‌కీ బ్యారేజీకీ మధ్యలో పులిచింతల 45.77 టీఎంసీల జలాశయం ఉంది, డెల్టాలో నారుమళ్లకు వేళకు నీళ్లందించడానికి ఆ నిల్వే ఆధారం.