గడ్డపార అడిగిన రోజు మాఊన్ సూరా

మాఊన్ సూరా, అంటే ఖురాన్‌లో ఒక చిన్న అధ్యాయం, నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచే నోటికొచ్చు. సాయంత్రం పూట మసీదులో హజ్రత్ (మా గురువు) దగ్గరికి అరబ్బీ చదువుకి పొయ్యేవాళ్ళం, ఖురాన్‌లో ఇది 107వ సూరా, మొత్తం ఏడే ఆయతులు (వాక్యాలు), నమాజు తొందరగా అయిపోద్దని మా పిల్లకాయలందరికీ ఇదంటే బో ఇష్టం. అర్థం మాత్రం ఎవురికీ తెలీదు. మేము నూర్‌బాషీయులం, ఇంట్లో తెలుగే, ఉర్దూ కూడా అంతంతమాత్రం, ఇంక అరబ్బీ సంగతి చెప్పేదేముంది. ముప్పై దాటినాక తెలుగు అనువాదం తీసి చదివితే, ఇన్నేళ్ళుగా ఇదా నేను రోజూ చదివేది అనిపించింది.

మొదలే ఒక ప్రశ్న. దీన్‌ని అబద్ధమనేవాణ్ణి చూశావా అంటాడు అల్లా. దీన్ అంటే మనం మామూలుగా మతం అనుకుంటాం గానీ ఖురాన్ మొదటి సూరా ఫాతిహాలో మాలికి యౌమిద్దీన్ అన్నప్పుడు అది తీర్పు దినం కదా, ఇక్కడ కూడా చాలామంది ఆ తీర్పు అనే అర్థమే చెప్తారు. సరే, అట్టాంటోడు ఎవడు అంటే, నమాజు చెయ్యనోడనో విగ్రహాలకి మొక్కేవాడనో చెప్తాడనుకుంటాం. చెప్పేది వేరే. యతీమ్‌ని, అంటే తండ్రి లేని బిడ్డని మెడ పట్టి గెంటేవాడు అంట. మిస్కీన్‌కి, అంటే ఏమీ లేని పేదోడికి అన్నం పెట్టమని పక్కోళ్ళకి చెప్పనివాడు అంట. ఇక్కడ గమనించండి, పెట్టనివాడు అన్లేదు, పెట్టమని చెప్పనివాడు అన్నాడు. నా దగ్గరే లేదు నేనేం పెట్టేది అని తప్పించుకోను దారి లేదన్నమాట, నోరుంది కదా, ఉన్నోడికి చెప్పు.

ఆ తర్వాత వచ్చేదే నాకు భయం. ఫవైలుల్ లిల్ ముసల్లీన్, నమాజు చేసేవాళ్ళకి నాశనం అని. అక్కడ ఆపేస్తే గుండె జారిపోద్ది. తర్వాతి ఆయతులో చెప్తాడు, తమ నమాజు పట్ల అజాగ్రత్తగా ఉండేవాళ్ళకి అని. అరబ్బీలో ఒక చిన్న మాట ఉంది, 'అన్' అని, నమాజు పట్ల అని. 'ఫీ' అనుంటే నమాజులో అని అర్థం, అప్పుడు మనలో ఒక్కడు కూడా మిగలడు, ఎందుకంటే సజ్దాలో, నేలకి నుదురు ఆనించి ఉండి కూడా కరెంటు బిల్లు గుర్తొచ్చే జనం మనం. పాత ఉలమాలు (మత పండితులు) కూడా ఆ 'అన్' అన్నందుకు అల్లాకి షుక్ర్, అంటే కృతజ్ఞత, చెప్పుకున్నారంట. దాని తర్వాత రియా, నలుగురు చూడాలని చేసేది. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

చివరి మాట మాఊన్. వ యమ్‌నఊనల్ మాఊన్, మాఊన్ ఇవ్వరు అని. ఖురాన్ మొత్తంలో ఈ మాట ఈ ఒక్క చోటే ఉంది. కొందరు జకాత్, అంటే ఉన్నోళ్ళు తప్పక ఇయ్యాల్సిన దానం, అన్నారు, ప్రవక్త గారి అల్లుడు హజ్రత్ అలీ గారి నుంచి ఆ మాట వచ్చింది. ప్రవక్త గారి సహచరుడు ఇబ్న్ మస్ఊద్ గారైతే జనం ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే సామాను అన్నారు, గొడ్డలి, వంటపాత్ర, బకెట్టు ఇట్టాంటివి. ఆ తర్వాతి తరం పండితుడు ఇక్రిమా గారు రెండూ కలిపి చెప్పారు, పైన జకాత్, కింద జల్లెడ, బకెట్టు, సూది అని. జల్లెడ! మనం బదులు అంటామే, అడిగి తీసుకుపోయి మళ్ళీ ఇచ్చేది, అదే. ఒక గ్లాసు చక్కెర, పెళ్ళికి పెద్ద డేగిశా, కొబ్బరికాయలు దించను నిచ్చెన. జకాత్‌కైతే లెక్కుంది, ఆస్తి నిసాబ్ అనే హద్దు దాటి ఏడాది నిండితే వందకి రెండున్నర, సంవత్సరానికి ఒకసారి ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. బదులు అడిగేవాళ్ళు ఏ టైములో వస్తారో తెలీదు, అందుకే అది కష్టం.

నెల్లూరులో బారా షహీద్ దర్గా కాడ మొహర్రంకి రొట్టెల పండుగ చూసుంటారు, స్వర్ణాల చెరువులో నిలబడి కోరిక తీరినోళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు. అది దీన్‌లో ఉందా లేదా అనే వాదన వేరే, నేను దాంట్లోకి పోను. అక్కడ ముక్కూ మొహం తెలీనోడు చెయ్యి చాపినా రొట్టె పెడతాం, ఇంటికొచ్చి పక్కింటోడు అడిగితే మొహం చిట్లిస్తాం, అది చెప్పబోయా.

ఎందుకంటే పోయిన రంజాన్‌లో నేనే ఆ పని చేశా. కావలి దగ్గర మా ఊళ్ళో, సాయంత్రం అయిదున్నర, ఎండకి నాలుక పిడచ గట్టి ఉన్నా. పక్కింటి పెద్దాయన వచ్చి "అబ్బయా, గడ్డపార ఉంటే ఇయ్యి, పందిరి గుంజలు పాతాల" అన్నాడు. అంతకుముందు ఒకసారి తీసుకుపోయి నెల రోజులు ఇవ్వలా, ఇచ్చినప్పుడు మొన మొద్దుబారి ఉండింది. "లేదు మామా, మా బామ్మర్ది తీసుకుపోయినాడు" అనేశా. గడ్డపార నా వెనకాల గోడకి ఆనించే ఉంది, ఆయనకి కనపడిందో లేదో ఇప్పటికీ తెలీదు. అబద్ధం వదలనోడు అన్నం నీళ్ళు వదిలినా అల్లాకి ఆ అవసరం లేదని హదీసు (ప్రవక్త గారి మాట) ఉంది, అది కూడా అప్పుడు గుర్తుకు రాలా.

ఇఫ్తార్ అయినాక మగ్రిబ్‌కి, అంటే పొద్దుగూకినాక చేసే నమాజుకి నిలబడ్డాం. సాయంత్రం నమాజు అస్ర్ అయితే లోపల్లోపలే చదువుతారు, మగ్రిబ్‌లో ఇమామ్ సాబ్ పైకి చదవాల. రెండో రకాతులో (నమాజు రెండో విడతలో) ఎత్తుకున్నాడు, అరఅయ్‌తల్లజీ అని, మాఊన్ సూరా మొదలే అది. ఆ ఏడు ఆయతులూ అంత నిదానంగా నడవడం నేనెప్పుడూ చూళ్ళా. అల్ మాఊన్ దగ్గర చెవులు మూసుకుందామా అనిపించింది, నమాజులో చేతులు ఎట్టా తీస్తాం.

ఇంటికి రాంగానే గడ్డపార భుజాన వేసుకుని ఆయన గేటు కాడికి పొయ్యా. గుంజలు అప్పటికే పాతేసున్నాయి, వీధి చివరింటోళ్ళది తెచ్చుకున్నాడంట. "మీ బామ్మర్ది బిరీనే తెచ్చిచ్చినాడే" అన్నాడు నవ్వతా. నేనేం మాట్లాడలా. ఉంచు మామా అని వాళ్ళ గోడకి ఆనించి వచ్చేశా, ఇంకా ఆడే ఉంది.