మామయ్య, గమ్

"ఇదేందిరా, మిరపకాయ కొరికినట్టుంది!" అన్నాడు మామయ్య. ఆ వెంటనే ఎక్కిళ్లు. బస్సులో అందరూ మావైపే చూస్తున్నారు. సిగరెట్ మానడానికిచ్చే నికోటిన్ గమ్‌ని బబుల్‌గమ్‌లా టకటకా నమిలేశాడు మరి.

పొద్దున ఒంగోలులో కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లా. "లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు?" అని అడిగింది అక్కడి మేడమ్. "మంచం దిగకముందే" అన్నాడు, కాస్త గర్వంగానే. అరగంటలోపే కాల్చేవాళ్లకి 2 మిల్లీగ్రాములది సరిపోదట, 4 రాసింది. నిదానంగా నమలాలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. టీ తాగాక పావుగంట దాకా ముట్టకూడదు. అన్నిటికీ తలూపాడు. టంగుటూరు బస్సెక్కగానే మర్చిపోయాడు.

ఎక్కిళ్లు తగ్గాక మెల్లగా అడిగాడు. "ఇందులో ఉండేది మన ఆకులో సరుకేనా?"

అదే మామయ్యా, పొగా తారూ లేకుండా.

కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా పొగాకు వేస్తున్న మనిషి. ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని, ఆ నిద్ర ఆపుకోడానికే సిగరెట్ అలవాటు చేసుకున్నాడు. "నేను మానేశానంటే వేలం కాడ నవ్వుతారు రా" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నా.

ఇంటికొచ్చాక అత్తయ్య, పొగ మానేవాళ్లకి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాసింది. టీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టి, "నోట్లో గమ్ ఉంది, ఉండవే" అన్నాడు.

పైజేబులో గమ్ అట్ట కనిపిస్తోంది. సిగరెట్ పెట్టె ఎక్కడుందో నేను అడగలేదు.