పిల్లలే పిల్లల అసైన్‌మెంట్లు దిద్దారు: మూడుల్‌తో నా అనుభవం

ప్రకాశం జిల్లాలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. లాక్‌డౌన్‌లో అందరిలాగే జూమ్‌లో పాఠాలు చెప్పాను. కెమెరాలు ఆపేసి, మ్యూట్‌లో కూర్చున్న పిల్లల్లో ఎవరికి ఎంత ఎక్కిందో తెలిసేది కాదు. ఒకరు చేసిన లెక్క రాత్రికి రాత్రే వాట్సాప్‌లో క్లాసంతా తిరిగేది. కాలేజీలు తెరిచాక కూడా నాకు ఒకటే పట్టుదల: ఆన్‌లైన్ అంటే మాస్టారి వీడియో చూడటం ఒక్కటే కాకూడదు, పిల్లలు ఒకరి పని ఒకరు చదివే చోటు కావాలి.

అందుకు ఆన్‌లైన్‌లో పాఠాలు, అసైన్‌మెంట్లు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. 2002లో తొలి వెర్షన్ విడుదల చేసిన మార్టిన్ డౌగియామస్ చిన్నప్పుడు ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో రేడియో పాఠాలు వింటూ చదువుకున్న మనిషి. తోటి పిల్లలకు దూరంగా చదవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అందుకేనేమో, అందులో పాఠాలు పెట్టే వసతి కన్నా పిల్లలు కలిసి పనిచేసే వసతులే నాకు ఎక్కువ నచ్చాయి.

ఇన్‌స్టాలేషన్ గురించి రెండే మాటలు. సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా హోస్టింగ్‌కు, అంటే దాన్ని ఉంచే సర్వర్‌కు, డబ్బు కట్టాలి. పిల్లలు నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపితే అప్‌లోడ్ కాలేదు. మూడుల్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో ఫైలు పరిమితి మామూలుగా 2 ఎంబీ, ఇప్పటి ఫోన్ ఫోటోలు అంతకు మించే ఉంటాయి. హోస్టింగ్ వాళ్ళతో మాట్లాడి పరిమితి పెంచాను. క్రాన్ జాబ్, అంటే సర్వర్‌లో వేళకు తనంతట తాను నడిచే పని, కూడా తప్పనిసరి. అది నడవకపోతే నోటిఫికేషన్లు వెళ్ళవు, గడువు దాటినా అసైన్‌మెంట్ రాసే దశ నుంచి దిద్దే దశకు తనంతట తాను మారదు. మా పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి బస్సుల్లో వస్తారు. సిగ్నల్ లేనిచోట ఫోరంలో (చర్చ రాసుకునే పేజీలో) రాసిన జవాబును మూడుల్ యాప్ ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ దొరికాక పంపుతుంది. అది వాళ్ళకు ఎంత మేలో చెప్పలేను.

మొదట ప్రశ్న-జవాబు ఫోరంతో మొదలుపెట్టాను. ఇందులో తన జవాబు రాసేదాకా పక్కవాళ్ళ జవాబు కనబడదు. రాశాక కూడా, దిద్దుకోవడానికి ఇచ్చిన అరగంట గడువు దాటాలి. కాపీ కొట్టే దారి మూసుకుపోయింది కదా, మొదటిసారి ఒకే ప్రశ్నకు రకరకాల జవాబులు చూశాను. తప్పులూ రకరకాలే. నాకు ఎంత సంతోషం వేసిందో!

తర్వాత వర్క్‌షాప్ అనే యాక్టివిటీ, పిల్లలు ఒకరి పని ఒకరు దిద్దేది. రైతు బజార్లో వారం రోజులు టమాటా ధర రాసుకురండి, సగటు, మధ్యగతం (వరుసగా పేర్చితే నడిమి అంకె) కట్టండి, ఆ అంకెలు ఏం చెబుతున్నాయో ఒక పేరా రాయండి అన్నాను. ఒక్కొక్కరి పనినీ ముగ్గురు దిద్దేలా మూడులే పంచిపెడుతుంది. రాసినవాళ్ళ పేరు దిద్దేవాళ్ళకు కనబడకుండా పర్మిషన్లు మార్చాను. రాసినదానికి 80, దిద్దినదానికి 20 మార్కులు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అయినా, వ్యాఖ్యలు తెలుగులో రాసినా సరేనని చెప్పాను. క్లాసులో నోరు విప్పని పిల్లలు పేరాలకు పేరాలు రాశారు.

చిక్కంతా దిద్దినందుకు వేసే మార్కుల దగ్గర వచ్చింది. ముగ్గురి మార్కుల సగటుకు ఎవరిది దగ్గరగా ఉంటే దాన్నే మేలైన దిద్దుబాటుగా తీసుకుని, మిగతావాళ్ళను దానితో పోలుస్తుంది మూడుల్. ఇద్దరు చదవకుండా ఫుల్ మార్కులు పడేస్తే, మూడో అమ్మాయి శ్రద్ధగా చదివి తప్పు పట్టి మార్కులు తగ్గిస్తే, నష్టపోయేది ఆ అమ్మాయే. ఇది నాకు అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి పనినీ నేనే కూర్చుని దిద్ది, నా దిద్దుబాటుకు వెయిట్ పెంచాను, అంటే సగటులో అది ఎక్కువ లెక్కకు వచ్చేలా చేశాను. అప్పుడు సగటు నా వైపు వస్తుంది, శ్రద్ధగా చదివినవాళ్ళకు న్యాయం జరుగుతుంది. పని ఎక్కువే. కానీ ఇది చేయకుండా వర్క్‌షాప్ పెట్టడం కన్నా మానేయడం మేలు.

వచ్చిన వ్యాఖ్యల్లో ఒకటి చెప్పాలి. ఒక అబ్బాయి రాసుకొచ్చిన ధరలు: 22, 24, 22, 26, 24, 60, 25. సగటు 29 అని కట్టి, ‘ఈ వారం టమాటా కిలో సుమారు 29 రూపాయలు’ అని రాశాడు. దిద్దినవాళ్ళలో ఒకరు ఇలా రాశారు: ‘లెక్క కరెక్టే. కానీ ఆరు రోజులు 26 దాటలేదు కదా, 29 అంటే ఎలా? ఆ ఒక్క 60 వల్ల అలా వచ్చింది. మధ్యగతం 24, అదే నిజానికి దగ్గర. ఇంతకీ 60 నిజమేనా, 26 బదులు పొరపాటున రాశావా?’ విపరీత విలువలు సగటును ఎలా లాగేస్తాయో నేను ఏటా బోర్డు మీద చెప్పే పాఠం ఇది. నా మాటలకన్నా సూటిగా ఉంది.

వర్క్‌షాప్ ముగించాక, జవాబు చెప్పుకోవడానికి ఒక ఫోరం తెరిచాను. ఆ అబ్బాయి రాశాడు: 60 నిజమేనట. ముందురోజు వాన పడి లోడు రాలేదట, ఉన్న కాస్త సరుకూ పొద్దున్నే అయిపోయిందట. బోర్డు మీది ధర ఫోటో కూడా పెట్టాడు. దాని కింద వాదన మొదలైంది. నిజమైన అంకెను తీసేయవచ్చా, ఉంచి కారణం రాయాలా అని. నేను ఒక్క ముక్క కూడా కల్పించుకోలేదు. ఉంచి, కారణం రాయాలనే తేల్చుకున్నారు.

ఈ సెమిస్టర్ రూబ్రిక్‌లో, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికలో, కొత్తగా ఒక వరుస చేర్చాను: ‘మిగతావాటికి పొంతన లేని అంకె ఉంటే, దానికి కారణం కనుక్కున్నారా?’ ఈసారి ఉల్లి ధరలు ఇచ్చాను.