కేసు కొట్టేశారు, పేరు మాత్రం అలాగే ఉంది

2019లో మా తమ్ముడు ఒక ప్రభుత్వ ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యాడు. రాతపరీక్ష అయిపోయింది, మెడికల్ అయిపోయింది, ఇక మిగిలింది అటెస్టేషన్ ఫారం ఒక్కటే. అది నింపుతూ నింపుతూ ఒకచోట పెన్ను ఆపి "అక్కా, ఇక్కడ ఏం రాయాలి?" అని అడిగాడు. మీమీద ఎప్పుడైనా కేసు పెట్టారా, అరెస్ట్ చేశారా, కోర్టులో విచారణ జరిగిందా, శిక్ష పడిందా అని వరసగా అడుగుతారు అందులో. "ఆ కేసు ఎప్పుడో పోయింది కదరా, అన్నిటికీ లేదు అని రాసెయ్" అన్నాను. రాసేశాడు. నాలుగు నెలల తర్వాత షోకాజ్ నోటీసు వచ్చింది, ఆ వెనకే సెలెక్షన్ రద్దు చేస్తున్నామని లెటర్ వచ్చింది.

ఆ సలహా ఇచ్చింది నేను. వాడు ఇంతవరకు ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా బాధ. ఇలాంటి పాత కేసు ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు నాలాగే "పోయిన కేసేగా" అని ధీమాగా చెప్తారు. వాళ్లకోసం రాస్తున్నాను.

అసలు కేసేమిటంటే, 2014లో వాడికి 19 ఏళ్లు. కాలేజీ బయట బండి పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి పది మంది తోసుకున్నారు, ఒకబ్బాయికి పెదవి చిట్లింది. ఆ అబ్బాయి వాళ్ల నాన్న స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తే ఐదుగురి పేర్లతో ఎఫ్‌ఐఆర్ అయింది, అందులో మా వాడు ఏ4, అంటే నాలుగో నిందితుడు. ఐపీసీ 323, 341, రెడ్ విత్ 34. అంటే కొట్టడం, దారికి అడ్డుపడటం, అందరూ కలిసి చేయడం. అరెస్ట్ చూపించి, ఆ సాయంత్రమే స్టేషన్ బెయిల్ ఇచ్చి పంపేశారు. ఏడాది తర్వాత రెండు వైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకుని లోక్ అదాలత్‌లో రాజీ చేశారు. పెదవి చిట్లిన అబ్బాయి మా వాడితో చేయి కలిపి వెళ్లాడు. "ఇక కేసు లేనట్టే, హాయిగా ఉండండి" అన్నారు లాయర్ గారు.

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. రాజీకి వీలున్న నేరాల్లో రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క అని క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే సీఆర్‌పీసీ 320వ సెక్షన్‌లోనే ఉంది (2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడది 359). కానీ నిర్దోషి అని తేలడం వేరు, కేసే లేకపోవడం వేరు. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు. ఫారంలో "శిక్ష పడిందా" అన్నది ఒక ప్రశ్న, దానికి "లేదు" అన్నది నిజమే. "కేసు నమోదైందా", "అరెస్ట్ అయ్యారా" అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి "లేదు" అని రాస్తే అబద్ధం రాసినట్టే. ఫారం మొదట్లోనే, తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హులవుతారని అచ్చేసి ఉంటుంది. అందరం చూస్తాం, ఎవరం చదవం.

కొన్ని దేశాల్లో రికార్డును చెరిపేయడానికో, సీల్ చేయడానికో చట్టాలున్నాయి. బ్రిటన్‌లో 1974 నుంచే ఒక చట్టం ఉంది. చాలా రకాల శిక్షలకు కొంతకాలం మళ్లీ నేరం చేయకుండా ఉంటే ఆ పాత శిక్ష గురించి మామూలు ఉద్యోగాల్లో చెప్పక్కర్లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో ఇంకో అడుగు ముందుకేసి, అర్హత ఉన్న కేసుల్ని ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే కంప్యూటరే సీల్ చేసేలా చట్టం తెచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ల విషయంలో అలా రికార్డు మొత్తాన్ని తుడిచేసే సాధారణ చట్టం లేదు. కేసు కొట్టేసినా, రాజీ అయినా, నిర్దోషి అన్నా స్టేషన్ రికార్డులో ఎఫ్‌ఐఆర్ నంబరు అలాగే ఉంటుంది. అది పోలీసు స్టేషన్లన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్‌లో ఉంటుంది, కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరు కొట్టినా కనిపిస్తుంది. పైగా సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది. అది నిందితుడికి తనమీద ఏం కేసు పెట్టారో తెలియాలని చేసిన మంచి పని. ఎక్కిన పేరు కేసు ముగిశాక ఎలా దిగాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఒక్క వేలిముద్రలు, ఫొటోలు, కొలతల విషయంలో కొంత నయం. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం కేంద్రంలోని నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాటిని 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. అయితే అంతకుముందు శిక్ష పడని మనిషి, విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జ్ అయినా (విచారణకి తగ్గ ఆధారాల్లేవని కోర్టు ముందే వదిలేసినా), నిర్దోషిగా తేలినా, అప్పీళ్లన్నీ అయ్యాక కోర్టు గానీ మేజిస్ట్రేట్ గానీ వద్దని రాస్తే తప్ప వాటిని తీసేయాలి.

చట్టం నిజంగా మనసు పెట్టింది పిల్లల విషయంలోనే. తప్పు జరిగిన రోజుకి 18 నిండకపోతే జువెనైల్ జస్టిస్ చట్టం కిందకి వస్తుంది. 2015 చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసువల్ల ఆ పిల్లవాడికి తర్వాత జీవితంలో ఏ అనర్హతా రాకూడదు, రికార్డును కూడా గడువు తర్వాత నాశనం చేయాలి (16 దాటి, హీనమైన నేరంలో పెద్దవాళ్లలా విచారణ జరిగిన వాళ్లకి ఇది వర్తించదు). ఇంకా బాగా నచ్చింది 74వ సెక్షన్. కేసు ముగిసిపోయాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే, ఇంకెందుకైనా సరే పోలీసులు ఆ పిల్లల రికార్డు బయటపెట్టకూడదు. మీ ఇంట్లో 17 ఏళ్లప్పటి కేసు ఉండి, ఇప్పుడు వెరిఫికేషన్‌లో ఎవరైనా దాన్ని తవ్వితే, ఈ రెండు సెక్షన్ల పేర్లు చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఫారంలో ఏం రాయాలో మాత్రం ముందే లాయర్‌ని అడిగి రాయండి. మా వాడి గొడవ ఇంకో రెండేళ్లు ముందు జరిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. 17 ఏళ్ల కుర్రాడి తొందరపాటుకీ 19 ఏళ్ల కుర్రాడి తొందరపాటుకీ అంత తేడా ఉందంటే నేను ఒప్పుకోలేను.

సెలెక్షన్ రద్దయ్యాక ఒక సీనియర్ లాయర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మాకు 2016 జులైలో వచ్చిన అవతార్ సింగ్ కేసు తీర్పు చదివి వినిపించారు. ముగ్గురు జడ్జిల బెంచ్ ఇచ్చిన తీర్పు, పాత కేసులు దాచిన వాళ్ల ఉద్యోగాల గురించి ఇప్పటికీ అందరూ దాన్నే చూపిస్తారు. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే, దాచినా సరే, అధికారులు తమ విచక్షణతో వదిలేయొచ్చు అని ఉంది అందులో. వినగానే ప్రాణం లేచొచ్చింది. కానీ అదే తీర్పులో, ఉన్నది ఉన్నట్టు చెప్పిన వాళ్లని కూడా ఉద్యోగంలోకి తీసుకుని తీరాలని అధికారుల్ని బలవంతపెట్టలేం అని కూడా ఉంది. అంతకుముందు 2013లో, రాజీతో కేసు పోయిన ఒక పోలీసు కానిస్టేబుల్ అభ్యర్థి విషయంలో ఉద్యోగం ఇవ్వకపోవడం సరైనదేనని సుప్రీంకోర్టు అంది. అక్కడే "గౌరవప్రదంగా నిర్దోషి" అన్న మాట వస్తుంది. సాక్షులు తిరగబడటంవల్లో, రాజీవల్లో, సందేహం కింద వదిలేయడంవల్లో బయటపడితే అది ఈ గౌరవప్రదమైన విడుదల కిందకి రాదని వాదిస్తారు. ఆ మాట సీఆర్‌పీసీలో ఎక్కడా లేదు, కోర్టుల్లో పుట్టి పెరిగింది. రాజీ పడమని ప్రోత్సహించేది వ్యవస్థే, పడ్డాక నీది పూర్తి నిర్దోషిత్వం కాదనేదీ అదే. ఇది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

హైకోర్టుకి వెళ్లడానికి డబ్బూ లేదు, ఓపికా లేదు, వయసు దాటిపోతుందన్న టెన్షన్ వేరే. ఆ ఉద్యోగం వదిలేశాడు.

క్వాష్, అంటే హైకోర్టుతో కేసు కొట్టేయించుకోవడం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. రాజీకి వీల్లేని సెక్షన్లు ఉన్నా, గొడవ ఇద్దరి మధ్యదే అయి, ఇద్దరూ కలిసిపోతే, హైకోర్టు కేసు మొత్తాన్ని కొట్టేయగలదు. పాత సీఆర్‌పీసీలో 482వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528. 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది, హత్య, అత్యాచారం లాంటి ఘోరమైన వాటికి మాత్రం కుదరదని కూడా చెప్పింది. భార్యాభర్తల కేసులు విడాకుల ఒప్పందంతో పోయేది ఎక్కువగా ఈ దారిలోనే. కానీ క్వాష్ ఆర్డర్ చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆర్డర్ కాపీ స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకుని, ఆన్‌లైన్‌లో స్టేటస్ మార్చమని రాతపూర్వకంగా అడగండి. మీరు అడగకపోతే చాలాచోట్ల అక్కడ పెండింగ్ అనే ఉండిపోతుంది.

తీర్పుల్లోంచి పేరు తీసేయమని అడిగే హక్కు మీద ఇంకా ఏదీ తేలలేదు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది జడ్జిలు చెప్పాక ఆశ పుట్టింది. 2024 ఫిబ్రవరిలో మద్రాస్ హైకోర్టు, నిర్దోషిగా తేలిన ఒకతని పేరు ఆన్‌లైన్ తీర్పులోంచి తీసేయమంది, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది.

2022లో మా వాడికి ఇంకో సెలెక్షన్ వచ్చింది. ఈసారి ఫారం ముట్టుకోకముందే కోర్టుకి వెళ్లాం, రాజీ రికార్డు సర్టిఫైడ్ కాపీ కోసం. ఇంట్లో ఉన్నది జిరాక్సుకి జిరాక్సు, అక్షరాలు సగం ఎగిరిపోయాయి. కాపీయింగ్ సెక్షన్‌లో అప్లికేషన్ మీద సీసీ నంబరు, అంటే కోర్టు కేసుకి ఇచ్చిన నంబరు రాయాలి, అది మాకు గుర్తులేదు. ఎఫ్‌ఐఆర్ నంబరుతో ఒక గుమాస్తా గారు రిజిస్టరు తిరగేసి వెతికిపెట్టారు. ఫైలు రికార్డు రూముకి వెళ్లిపోయింది, మూడుసార్లు తిరిగితే దొరికింది. చివరికి కాపీ చేతికొచ్చింది. వెనక గుండ్రటి ముద్ర, దానికింద అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ నీలం సిరాతో వరసగా. మా తమ్ముడు మెట్లమీదే కూర్చుని రెండుసార్లు చదివాడు. కోర్టుల్లో పాత ఫైళ్లు నిబంధనల ప్రకారం కొన్నేళ్లకి తీసేస్తుంటారని ఆ గుమాస్తా గారే చెప్పారు. నువ్వు నిర్దోషివని చెప్పే కాగితమేమో మాయమైపోవచ్చు, నీమీద కేసు ఉండేదని చెప్పే కంప్యూటర్ మాత్రం అలాగే ఉంటుంది. కేసు ముగిసిన నెలలోనే రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు తీసి దాచుకోండి. ఇది నేను ఎవరికైనా చేతులు పట్టుకుని చెప్తాను.

ఫారంలో "అవును" అని రాశాడు. ఇచ్చిన గడిలో చోటు చాల్లేదు, వేరే కాగితం జత చేశాడు. ఎఫ్‌ఐఆర్ నంబరు, సీసీ నంబరు, సెక్షన్లు, ఎప్పుడు ఎలా ముగిసింది, కింద సంతకం. అబద్ధమూ లేదు, సంజాయిషీ కూడా లేదు. తోటివాళ్లందరికీ ఆర్డర్లు వచ్చేశాయి, మా వాడి ఫైలు మాత్రం మూడు నెలలు ఆగింది. అమ్మ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. తర్వాత పిలిచి అడిగారు, ఉన్నది చెప్పాడు, ఆర్డర్ వచ్చింది. అందరికీ ఇలాగే వస్తుందని నేను చెప్పలేను. యూనిఫాం ఉద్యోగాల్లో ఇంకా గట్టిగా చూస్తారు.

మొన్న పాస్‌పోర్ట్‌కి పెట్టాడు. కేసు కోర్టులో పెండింగ్‌లో ఉంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, ముగిసిన కేసు కాబట్టి ఆ బాధ లేదు. వెరిఫికేషన్‌కి స్టేషన్‌కి రమ్మంటే నేనూ వెళ్లాను. రైటర్ గారు స్క్రీన్ మీద పేరు కొట్టి, కాసేపు చూసి, తల తిప్పకుండానే "2014 కేసులో ఏ4 నువ్వేనా?" అన్నారు.

"నేనే సార్" అంటూ మా తమ్ముడు అప్పటికే ఫోల్డర్ తెరిచి పట్టుకున్నాడు.